మాట నేరమైన రంగస్థలం: పునరుజ్జీవన యుగపు విషాదాంత నాటకాలలో స్త్రీ

నాటకం లోకపు నడవడికి అనుకరణమని మన ఆలంకారికులు ఏనాడో నిర్ణయించారు. లోకంలో సగం మంది స్త్రీలే గనుక, నాటకంలో స్త్రీకి దక్కిన చోటు ఎట్టిదో విచారించడం సాహిత్య విద్యార్థులకు అనావశ్యకమైన పని కాదు. ఐరోపాలో సాంస్కృతిక పునరుజ్జీవనం అని పేరు పొందిన యుగం మానవుని గొప్పతనాన్ని ఎలుగెత్తి చాటిన యుగమని చరిత్ర పాఠాలలో మనమంతా చదువుకున్నాము. ఆ యుగపు చివరి దశలో, అనగా సుమారు 1590 మొదలు 1625 వరకు గల కాలంలో, ఇంగ్లండులో విషాదాంత నాటకం మునుపెన్నడూ లేని ఔన్నత్యాన్ని అందుకున్నది. ఆ నాటకాలను చదువుతున్న కొద్దీ మాలో ఒక సందేహం బలపడుతూ వచ్చింది. అంతగా చాటబడిన మానవుని గొప్పతనంలో మానవికి భాగమున్నదా?

మేము ఈ కళాశాలలో బి.ఏ. తరగతిలో ఆంగ్ల సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకున్న విద్యార్థినీ విద్యార్థులము. మాలో కొందరి ఇంటి భాష తెలుగు, కొందరి ఇంటి భాష ఉర్దూ. ఈ కాలపు విషాద నాటకాలలో మాకు పాఠ్యాంశంగా నిర్ణయించినది షేక్‌స్పియర్ రచించిన 'ఒథెల్లో' ఒక్కటే. అది పూర్తి అయిన పిదప, మా అధ్యాపకుల సలహాపై, అదే కాలానికి చెందిన మరికొన్ని నాటకాలను సెలవు దినాలలో కలసి చదివాము. ఒకరు చదువుతూ ఉంటే తక్కినవారు కఠిన పదాలను నిఘంటువులో వెదికేవారు. అర్థాన్ని తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పుకొనేవారము. ఆ పఠనం వల్ల మాకు తోచిన ఒక విషయాన్ని పాఠక మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశ్యము. ఈ నాటకాలలో స్త్రీ చేసే మహాపరాధం పలుమార్లు ఒక్కటే. అది నోరు విప్పడం. తన వరుని తానే కోరుకోవడం, పెద్దల మాటకు బదులు చెప్పడం, తాను చూచిన సత్యాన్ని పదిమందిలో పలకడం. ఆ అపరాధానికి శిక్ష మరణం. మరణించి మౌనం వహించిన తరువాతనే ఆమెను దేవతగా కీర్తించడం జరుగుతుంది.

ఈ శిక్ష కేవలం కవుల ఊహలో పుట్టినది కాదు. ఆనాటి ఇంటిలోను, చట్టంలోను దాని వేళ్లున్నాయి. 1558 నుండి 1603 వరకు ఇంగ్లండు సింహాసనంపై ఎలిజబెత్ రాణి కూర్చున్న మాట నిజమే. అయితే ఆ రాణి వివాహమాడలేదు. వివాహమాడిన సామాన్య స్త్రీకి ఆ దేశపు సంప్రదాయ న్యాయం ప్రత్యేకమైన అస్తిత్వాన్నే గుర్తించలేదు. పెండ్లితో ఆమె చరాస్తి భర్తది అయిపోయేది. భూమి ఉంటే దాని పెత్తనం అతనిదే. తన పేరున ఒప్పందం చేసుకొనే హక్కు గాని, ఒంటరిగా న్యాయస్థానానికి వెళ్లే హక్కు గాని సాధారణంగా ఆమెకు లేవు. మెహర్‌ను గూర్చి, స్త్రీధనాన్ని గూర్చి ఎరిగిన మన ఇండ్లలో ఈ సంగతి చెబితే పెద్దలు ఆశ్చర్యపోయారు. వివాహిత తన ఆస్తిని తానే ఉంచుకొనే హక్కు ఇంగ్లండులో 1870, 1882 సంవత్సరాల శాసనాలతో గాని స్థిరపడలేదు.

అంతకంటె భయంకరమైనది ఇంకొకటి ఉన్నది. 1351 నాటి రాజద్రోహ శాసనం ప్రకారం భార్య భర్తను చంపితే అది కేవలం హత్య కాదు, ఒక విధమైన ద్రోహం. దానికి విధించే శిక్ష దహనం. భర్త భార్యను చంపితే మాత్రం అది హత్యగానే పరిగణింపబడేది. స్త్రీలను దహించే శిక్ష 1790లోను, ఆ ప్రత్యేక నేరం 1828లోను రద్దయినవి. ఇల్లొక చిన్న రాజ్యమని, గృహపతి దానికి ప్రభువని మతగురువులు బోధించేవారు. విలియం గూజ్ అను మతగురువు 1622లో గృహధర్మాలపై ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. శీలం, మౌనం, విధేయత అనే మూడూ స్త్రీకి ఆభరణాలుగా చెప్పబడినవి. 1615లో జోసెఫ్ స్వెట్నమ్ అనునతడు స్త్రీజాతిని దూషిస్తూ రాసిన పుస్తకం పలుమార్లు అచ్చయినది. 1617లో రేచల్ స్పెట్ అను యువతి తన పేరు దాచుకొనక దానికి సమాధానం ప్రచురించినది. స్త్రీ మాట్లాడవచ్చునా, మాట్లాడితే ఎంతవరకు మాట్లాడవచ్చును అనే వాదం ఆనాడు ఇంటింటా ఉన్నదని దీనివలన తెలియగలదు.

ఇక రంగస్థలం సంగతి. ఆ కాలంలో ఇంగ్లండులోని వృత్తి నాటకశాలలలో స్త్రీలు నటించేవారు కారు. స్త్రీ పాత్రలను బాలురు, గొంతు మారని యువకులు ధరించేవారు. మనకిది వింత కాదు. స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలు ధరించి తెలుగు ప్రేక్షకులను మురిపించిన సంగతి, పారశీ నాటక సమాజాలవారి ఉర్దూ నాటకాలలో పురుషులే కథానాయికలైన సంగతి పెద్దల వలన విన్నదే. లండనులో వృత్తినటి రంగమెక్కినది 1660 డిసెంబరు 8వ తేదీన, డెస్డిమోనా పాత్రలో అని నాటక చరిత్రకారులు చెబుతారు. అనగా మేము ఇక్కడ ప్రస్తావించే స్త్రీల మాటలన్నీ, ఒక్క నాటకం మినహా, పురుషులు వ్రాసి బాలుర చేత పలికించినవే.

ఈ సందర్భంలో ఒక ఉత్తరాన్ని పేర్కొనవలసి ఉన్నది. 1610లో షేక్‌స్పియర్ సమాజంవారు ఆక్స్‌ఫర్డు పట్టణంలో 'ఒథెల్లో'ను ప్రదర్శించారు. దానిని చూచిన హెన్రీ జాక్సన్ అను పండితుడు లాటిన్ భాషలో తన మిత్రునికి ఒక లేఖ వ్రాశాడు. డెస్డిమోనా తన పాత్రను మొదటినుండి చక్కగానే నడిపినదని, అయితే హతురాలై శయ్యపై పడి ఉండి, కేవలం తన ముఖంతోనే ప్రేక్షకుల దయను అర్థించినపుడు ఎక్కువగా కదిలించినదని అందులోని భావము. ఈ లేఖాంశాన్ని మా అధ్యాపకులు వినిపించినపుడు మేము కొంతసేపు ఏమీ అనలేకపోయాము. సభలో నిలిచి ధైర్యంగా మాట్లాడిన డెస్డిమోనా కంటె, మాటలేక పడి ఉన్న డెస్డిమోనాయే ఆ పండితునికి ప్రియమైనది. ఆమె ధైర్యానికి మెప్పు లభించినది, ఆమె శవానికి కన్నీరు లభించినది. ఆనాటి ప్రేక్షకుని హృదయం ఎట్టిదో ఈ ఒక్క లేఖ తేటతెల్లం చేస్తున్నది.

ఆ సభలో డెస్డిమోనా ఏమి చేసినదో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకుందాము. వెనిస్ నగరపు పాలకులందరూ కొలువు తీరిన సభ అది. తండ్రి బ్రబాన్షియో తన బిడ్డను ఆ మూరు మంత్రతంత్రాలతో వశపరచుకొన్నాడని ఫిర్యాదు చేశాడు. కూతురు తన ఇష్టంతో ఒకనిని వరించగలదనే ఊహ కూడా అతనికి అసాధ్యం. మంత్రం లేక మందు అయి ఉండవలె. డెస్డిమోనా వచ్చి, జన్మనిచ్చిన తండ్రికి తాను ఋణపడి ఉన్నానని, అయితే తన తల్లి ఏ విధంగా పుట్టింటి కంటె భర్తకు పెద్దపీట వేసినదో ఆ విధంగానే తానూ చేస్తున్నానని వినయంగా విన్నవించినది. భర్తతో పాటు సైప్రస్ ద్వీపానికి వెళ్లడానికి అనుమతి కోరినది. ఇంతకంటె మర్యాదగా ఎవరు మాట్లాడగలరు? అయినా తండ్రి పోతూపోతూ అల్లుని చెవిలో విషం పోసినాడు. తండ్రిని వంచించినది నిన్నూ వంచించగలదు అనే అర్థం వచ్చే హెచ్చరిక అది. ఇయాగో తరువాత ఆ విషాన్నే వాడుకున్నాడు. సభలో పలికిన నాలుగు మాటలే చివరకు ఆమె మెడకు ఉరియైనవి.

హామ్లెట్ నాటకంలోని ఒఫీలియా ఇందుకు విరుద్ధమైన మార్గాన నడిచిన కన్య. అన్న బోధించినపుడు విన్నది. తండ్రి శాసించినపుడు తలవంచినది. రాజకుమారుని ఉత్తరాలను తిప్పి పంపమంటే తిప్పి పంపినది. అతని మనస్సు కనిపెట్టడానికి ఎరగా నిలబడమంటే నిలబడినది. ఇంత విధేయతకు ఆమెకు దక్కిన ఫలమేమి? పిచ్చి, ఆపై నీటిలో మరణం. విచిత్రమేమంటే, మతి తప్పిన తరువాతనే ఆమె స్వేచ్ఛగా మాట్లాడగలిగినది. ఆ చెదిరిన మాటలు విని ప్రజలు ఏవేవో అర్థాలు తీస్తున్నారని, అనుమానాలు పుట్టగలవని రాజాస్థానం భయపడినది. బుద్ధి ఉన్నపుడు ఆమె మాటను లెక్కచేయనివారు బుద్ధి పోయిన పిదప దానికి జంకినారు. డెస్డిమోనా మాట్లాడి మరణించినది, ఒఫీలియా మాట్లాడక మరణించినది. అట్లయితే ఆనాటి కన్యకు క్షేమమార్గం ఏది అని మాలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు మాలో ఎవరమూ బదులు చెప్పలేకపోయాము.

లియర్ రాజు కడగొట్టు బిడ్డ కార్డీలియా కథ ఎరుగనివారు అరుదు. నిండుసభలో తండ్రి మెప్పుకోసం పొగడ్తలు పలకలేనని చెప్పినందుకు ఆమె రాజ్యభాగాన్ని, పుట్టింటిని పోగొట్టుకున్నది. చివరి అంకంలో ఆమె మృతదేహాన్ని చేతులలో మోసుకొని వచ్చిన లియర్, తన బిడ్డ కంఠం ఎంత మృదువుగా ఉండేదో తలచుకొని, అది స్త్రీకి తగిన గుణమని ప్రశంసిస్తాడు. ఆ కంఠం నిజం పలికిన నాడు మాత్రం ఆయనకది మృదువుగా వినిపించలేదు. 1594లో అచ్చయిన 'టైటస్ ఆండ్రోనికస్' నాటకంలో ఈ విషయం ఇంకా కఠోరంగా కనిపిస్తుంది. లవీనియాను చెరచిన దుర్మార్గులు ఆమె సాక్ష్యం చెప్పకుండా నాలుక కోసి, చేతులు నరికివేస్తారు. ఆమె కర్రను నోట పట్టి, మిగిలిన మోడుచేతులతో నడుపుతూ ఇసుకలో వారి పేర్లు వ్రాస్తుంది. ఆ ఘట్టం చదివినపుడు మా కనులు చెమర్చినవి. కాని నాటకాంతంలో ఆమెను చంపినది శత్రువు కాదు. ఆమె అవమానంతో పాటు తన దుఃఖమూ తీరవలెనని సొంత తండ్రియే విందు మధ్యలో చంపుతాడు. బ్రతుకవలెనో వద్దో ఆమెను ఎవరూ అడగలేదు.

భార్యల కథ దీనికి భిన్నం కాదు. ఫావర్‌షామ్ పట్టణంలో 1551లో థామస్ ఆర్డెన్ అను గృహస్థు హత్యకు గురి అయినాడు. ఆ హత్యలో పాలుపంచుకొన్న అతని భార్య ఆలిస్‌ను కాంటర్‌బరీలో దహించారు. ఈ నిజమైన ఉదంతం ఆధారంగా 1592లో ఒక నాటకం కర్త పేరు లేకుండా వెలువడినది. థామస్ హేవుడ్ వ్రాసి, 1607లో అచ్చువేసిన నాటకంలో మరొక విధమైన శిక్ష కనిపిస్తుంది. తప్పు చేసిన భార్య ఆన్‌ను భర్త ఫ్రాంక్‌ఫర్డ్ కొట్టడు, చంపడు. వస్తువాహనాలతో వేరొక ఇంటికి పంపి, తనను గాని బిడ్డలను గాని జన్మలో చూడరాదని శాసిస్తాడు. ఆమె ఆహారం మాని కృశించి మరణిస్తుంది. మరణశయ్యపై ఉన్నపుడు భర్త వచ్చి క్షమించి, భార్య అనే పేరును, తల్లి అనే పేరును తిరిగి ప్రసాదిస్తాడు. నాటకం దీనినే దయ అంటున్నది. ఆమెను చెరచిన అతిథి వెండల్ మాత్రం దేశాంతరం పోయి, కొంతకాలానికి తిరిగి వచ్చి గౌరవంగా బ్రతుకగలననే ఆశతో నిష్క్రమిస్తాడు. ఈ దయ మాకు అగ్గికంటె చల్లనిదిగా తోచలేదు.

ఇంతవరకు చదివినవారికి, ఈ నాటకకర్తలు కేవలం పితృస్వామ్యానికి వందిమాగధులేనా అనే అనుమానం కలుగవచ్చును. అది సత్యం కాదు. ఒథెల్లో నాటకంలోనే ఎమీలియా ఉన్నది. ఆమె ఇయాగో భార్య, డెస్డిమోనాకు పరిచారిక. భార్యలకూ భర్తల వలెనే చూపు, రుచి, కోరిక, కోపం ఉంటాయని, భార్యల తప్పులు భర్తల నుండి నేర్చుకొన్నవేనని ఆమె నాలుగవ అంకంలో వాదిస్తుంది. ఈ ప్రసంగం 1622లో వెలువడిన చిన్న ప్రతిలో లేదు. 1623లో వెలువడిన బృహత్ సంపుటంలో ఉన్నది. చివరి అంకంలో నిజం బయటపడే వేళ భర్త ఆమెను నోరు మూసుకొని ఇంటికి పొమ్మని గద్దిస్తాడు. భర్తకు విధేయురాలై ఉండడం తన ధర్మమే అయినా, ఈ వేళ మాత్రం కాదని ఆమె పదిమంది ఎదుట తేల్చి చెప్పి, సత్యం పలికి, అతని కత్తికి బలి అవుతుంది. ఎమీలియా మాట్లాడకపోయినట్లయితే డెస్డిమోనా నిర్దోషి అని లోకానికి తెలిసేది కాదు. నాటకంలో న్యాయం జరిగినది పురుషుల విచారణ వలన కాదు, మౌనాన్ని ధిక్కరించిన ఒక పరిచారిక వలన.

జాన్ వెబ్‌స్టర్ రచించిన 'డచెస్ ఆఫ్ మాల్ఫీ' నాటకం మమ్ములను అన్నింటికంటె ఎక్కువగా కదిలించినది. 1614 ముగియకముందే ప్రదర్శింపబడి, 1623లో అచ్చయిన ఈ నాటకానికి మూలం ఇటలీలో జరిగిన కథ. అమాల్ఫీ ప్రభువు భార్య జొవానా 1498లో వితంతువై, తన ఆస్థానోద్యోగి అయిన ఆంటోనియోను రహస్యంగా వివాహమాడినది. ఆమె సోదరులకు అది కులగౌరవానికి మచ్చగా తోచినది. ఆమె, బిడ్డలు లోకానికి కనిపించకుండా పోయినారు. ఆంటోనియో 1513లో మిలాన్ నగరంలో హత్యకు గురి అయినాడు. బాండెల్లో అను ఇటలీ రచయిత ఈ కథను వ్రాయగా, విలియం పెయింటర్ 1567లో దానిని ఆంగ్లపాఠకులకు అందించాడు. పెయింటర్ కథనంలో ఆ స్త్రీ చాపల్యంపై నీతిబోధ మెండు. వెబ్‌స్టర్ ఆ నీతిబోధను తొలగించి, నేరం ఎవరిదో చూపించాడు.

అతని నాటకంలో డచెస్‌కు ఇద్దరు సోదరులు. ఒకడు ప్రభువు ఫెర్డినాండ్, మరొకడు మతాధికారి. మరల పెండ్లాడరాదని ఇద్దరూ ఆమెను శాసిస్తారు. వారు అటు వెళ్లగానే ఆమె ఆంటోనియోను పిలిచి, తన ఇష్టాన్ని తానే వెల్లడించి వివాహమాడుతుంది. గొప్పింట పుట్టినవారిని ఎవరూ వరించడానికి సాహసించరు గనుక తామే నోరు విప్పవలసి వస్తున్నదని ఆమె విచారం. కొన్నేళ్లకు గుట్టు తెలుస్తుంది. ఆమెను బంధించి, చీకటిలో చచ్చినవాని చేతిని ముట్టిస్తారు. భర్త, బిడ్డలు చనిపోయినట్లు మైనపు బొమ్మలు చూపిస్తారు. పిచ్చివాళ్లను తెచ్చి చుట్టూ ఆడిస్తారు. ఆమె చలించదు. ఉరి బిగించడానికి వచ్చినవారి ఎదుట తన పేరును, పదవిని తానే చాటుకొంటుంది. కడపటి వేళ తన దాసితో చెప్పినది మాత్రం మహారాణుల మాట కాదు, మన ఇండ్లలో అమ్మలు చెప్పే మాట. చిన్నవాడికి జలుబు చేసినదని, మందు పట్టమని, పడుకొనే ముందు పాప చేత ప్రార్థన చేయించమని. ఆ వాక్యాలను ఉర్దూలో చెప్పబోయిన మా మిత్రురాలు మధ్యలో ఆగిపోయినది. మేమూ ఆమెను తొందరపెట్టలేదు.

ఆ తరువాత ఫెర్డినాండ్ చెల్లెలి ముఖం చూడలేక, చంపినవానినే నిందించి, పిచ్చివాడవుతాడు. ఆమె వితంతువుగానే ఉండి మరణిస్తే ఆమె సంపద తనకు దక్కగలదని ఆశించినట్లు తానే ఒప్పుకొంటాడు. వంశగౌరవం అనే పెద్దమాట వెనుక ఏమి దాగి ఉండవచ్చునో వెబ్‌స్టర్ ఇంత బాహాటంగా చెప్పాడు. ఇది కేవలం ఇటలీ కథ అని లండను ప్రేక్షకులు అనుకొని ఉండరు. జేమ్స్ రాజు దగ్గరి బంధువైన అర్బెల్లా స్టూవర్ట్ 1610లో ఆయన అనుమతి లేకుండా విలియం సీమోర్‌ను రహస్యంగా వివాహమాడినది. 1611లో పురుషవేషంతో పారిపోతూ సముద్రంపై పట్టుబడి, 1615లో లండను కోటలోని చెరలో మరణించినది.

ముందు మేము మినహాయించిన ఒక్క నాటకాన్ని ఇక చెప్పవలె. 1613లో అచ్చయిన 'మేరియమ్ విషాదం' అను నాటకం ఎలిజబెత్ కేరీ అను వివాహిత రచన. ఒక స్త్రీ ఆంగ్లంలో స్వతంత్రంగా వ్రాసి, అచ్చయిన నాటకాలలో ఇదే మొదటిదని పండితుల అభిప్రాయం. అయితే ముఖపత్రంపై ఆమె పూర్తి పేరు లేదు, రెండు పొడి అక్షరాలు మాత్రమే ఉన్నవి. ఇది నాటకశాల కోసం వ్రాసినది కాదు, చదువుకొనడానికి వ్రాసినది. యూదుల రాజు హెరోద్ మరణించినాడని వదంతి పుట్టినపుడు అతని భార్య మేరియమ్ మనస్సు విప్పి మాట్లాడుతుంది. అతడు తన తాతను, సోదరుని చంపించినవాడు. హెరోద్ సజీవంగా తిరిగివస్తే ఆమె లేని సంతోషాన్ని నటించలేకపోతుంది. నవ్వు నటించినట్లయితే బ్రతికి ఉండేదని ఆమెకు తెలుసు. భార్య తన తలపులను సైతం భర్తకు తప్ప ఇతరులకు తెలియనీయరాదని ఆ నాటకంలోని బృందగానం నీతి చెబుతుంది. మేరియమ్ శిరస్సు నేలరాలుతుంది. హెరోద్ అటుపై విలపిస్తాడు. పురుషుల నాటకాలలో చూచిన క్రమమే ఇక్కడా ఉన్నది. కాని ఒక భేదమున్నది. పెదవులపై ఒకటి, హృదయంలో ఒకటి ఉంచుకొని బ్రతకడం స్త్రీకి ఎంత బరువో ఈ రచయిత్రి లోపలినుండి చూపించినది.

మా చర్చలో ఒక మిత్రుడు న్యాయమైన ఆక్షేపణ తెచ్చాడు. విషాదాంత నాటకంలో పురుషులూ మరణిస్తారు కదా, ఒథెల్లో, హామ్లెట్, లియర్ మరణించలేదా అని. మరణించారు. అయితే ఎట్లు మరణించారో గమనించవలె. హామ్లెట్ తన కథను లోకానికి చెప్పమని మిత్రుని కోరి మరణిస్తాడు. ఒథెల్లో తనను గూర్చి ఏ మాటలు వ్రాయవలెనో కూడా చెప్పి మరణిస్తాడు. డెస్డిమోనా చివరి మాట తన మరణానికి తానే కారణమని, భర్తపై నేరం లేదని. ఒఫీలియా, కార్డీలియా, మేరియమ్ రంగంపై మరణించనే లేదు. వారి వార్తను ఎవరో తెస్తారు, లేదా శవాన్ని ఎవరో మోసుకొని వస్తారు. పురుషుని మరణం అతని కథకు ముగింపు. స్త్రీ మరణం చాలామార్లు పురుషుని పశ్చాత్తాపానికి ఆరంభం. మా మిత్రుడు కొంత ఆలోచించి ఈ భేదాన్ని అంగీకరించాడు.

ఈ విచారణ మాకెందుకు అవసరమైనదో కూడా చెప్పడం ధర్మం. డెస్డిమోనా విషాదానికి ఆమె ఎంతవరకు బాధ్యురాలో వివరింపుము అనే ప్రశ్న బజారు గైడులలో తప్పక ఉంటుంది. తండ్రికి చెప్పక పెండ్లాడినది, చేతిరుమాలు పోగొట్టుకున్నది, వేరొకని కోసం పట్టుబట్టి సిఫారసు చేసినది అని జవాబు వరుసగా ఇచ్చి ఉంటుంది. చంపినవాని బాధ్యతను కొలిచే ప్రశ్న కంటె చనిపోయినదాని బాధ్యతను కొలిచే ప్రశ్నయే విద్యార్థులకు ఎక్కువగా కంఠస్థం. అట్టి జవాబు వ్రాసి వ్రాసి, అదే సహజమైన ఆలోచన అని నమ్మే ప్రమాదమున్నది.

మొదటి సంవత్సరంలో మా తరగతిలో ఉన్న స్నేహితురాండ్రలో ఇద్దరు మూడవ సంవత్సరానికి లేరు. వారికి వివాహాలు జరిగినవి. వివాహం శుభకార్యమే. వారికి మంచి సంబంధాలే కుదిరి ఉండవచ్చును. అయితే వారిలో ఒకరు వెళ్లేముందు మాతో అన్న మాట ఈ నాటకాలు చదివిన ప్రతిసారీ మాకు వినిపించినది. "అందరూ నన్ను బుద్ధిమంతురాలని మెచ్చుకున్నారు. ఎవరూ నన్ను అడగలేదు" అన్నది ఆమె. మాల్ఫీ కోటకు మన ఇండ్లకు పోలిక తేవడం మా ఉద్దేశ్యం కాదు. మన తల్లిదండ్రుల ప్రేమను శంకించడం అంతకన్న కాదు. కాని మౌనాన్ని చూచి మెచ్చుకొనే అలవాటు ఒక్క దేశానిది గాని, ఒక్క కాలానిది గాని కాదని మాత్రం విన్నవిస్తున్నాము. ప్రేమ గల ఇంటిలో కూడా ఆ ఒక్క ప్రశ్న అడగవలసియే ఉన్నది.

ఆ నాటకకర్తలకు మేము ఋణపడి ఉన్నాము. తమ కాలపు కట్టుబాట్లను వారు దాటలేకపోయినారు. అయినా ఆ కట్టుబాట్లు ఎవరి గొంతు నులుముతున్నవో దాచలేదు. చంపబడిన స్త్రీకి ముందుగా మాట ఇచ్చారు. ఆ మాట నాలుగు వందల ఏండ్ల తరువాత కూడా చదువుకొనే వీలున్నది. దానిని విని, శవం దగ్గర కన్నీరు కార్చడానికి ముందే ఆలోచించడం పాఠకుల పని.

కళాశాల పాలకవర్గమువారికి మా సవినయమైన విన్నపము ఒకటి ఉన్నది. వెబ్‌స్టర్ నాటకం ప్రతులు, ఎలిజబెత్ కేరీ నాటకం ప్రతులు మన గ్రంథాలయానికి తెప్పింపవలెనని కోరుతున్నాము. మాకు అందినది మా అధ్యాపకుల సొంత ప్రతి ఒక్కటే. అది చేతులు మారి మారి అట్ట ఊడిపోయినది. రానున్న సంవత్సరంలో జరిగే వక్తృత్వ పోటీలలో ఈ అంశాన్ని తెలుగులోను, ఉర్దూలోను చర్చకు పెట్టవలెనని, అందులో విద్యార్థినులను ముందుగా మాట్లాడనీయవలెనని కూడా కోరుతున్నాము. తక్కినవారము కూర్చుండి శ్రద్ధగా వింటాము.